రెండో చెయ్యి

మా తాత తుపాకి పేల్చేటప్పుడు గొట్టాన్ని ఒక పంగల కర్ర మీద ఆనించేవాడు. వేప కొమ్మ అది. ఆయన మంచె మీద కూర్చుంటే గడ్డం దాకా వచ్చేది. పంగ దగ్గర ఇనుము రాసుకుని రాసుకుని నల్లగా, నున్నగా తేలింది. తిరుత్తణి నుంచి పళ్లిపట్టు పోయే దోవలో మా చేను. చెనిక్కాయ ఊరే రోజుల్లో రాత్రిళ్లు అడవి పందులు దిగేవి. నాకప్పుడు ఆరేడేళ్లు. దుప్పటి కప్పుకుని ఆయన పక్కనే కూర్చునేవాణ్ణి. కర్ర ఎందుకని అడిగితే, "చెయ్యి అదురుతాందిరా. కర్ర అదరదు" అన్నాడు.

ఇప్పుడు నాకు డెబ్బై నాలుగు. ముప్పై ఎనిమిదేళ్లు పోలీసు కొలువు చేశాను. అందులో సగానికి పైగా రివాల్వరూ పిస్టలూ పట్టడం కుర్రవాళ్లకు నేర్పే పనే. తుపాకుల మీద పుస్తకాలు చాలానే చదివాను. అన్నింట్లో ఉక్కు, మందు, తూటా, వాటిని కనిపెట్టినవాళ్ల పేర్లు ఉంటాయి. వాటిని పట్టుకున్న చెయ్యి గురించి, గురి చూసిన కన్ను గురించి రాసినవి తక్కువ. ఆ చెయ్యికీ కన్నుకీ వయసొస్తే ఏం చేశారన్నది మరీ తక్కువ. నాకు తెలిసినంత నేను రాస్తాను.

ముందు మా సీమ సంగతి. తిరుత్తణి ఒకప్పుడు కార్వేటినగరం జమీందారీలో ఉండేది. 1801లో ఆర్కాటు నవాబు సీమ కంపెనీ చేతికి పోయింది. 1804-05లో చిత్తూరు పాళెగాళ్లు తిరగబడితే కంపెనీ సైన్యం అణిచింది. ఆపైన 1878 ఆయుధాల చట్టం వచ్చింది. తెల్లవాళ్లకు మినహాయింపులు, మనవాళ్లకు లైసెన్సులు. పంట కాపలా కోసం ఊళ్లలో మిగిలినవి గొట్టంలోంచి మందు కూరి, కడ్డీతో దట్టించే నాటు తుపాకులే. చేతి తుపాకి అన్నది మా తాలూకాలో జనం చేతికి రానే లేదు. రివాల్వరంటే మాకు తెలిసింది ఎస్సై నడుముకు వేలాడే తోలు సంచి ఒక్కటే. దాని మూత తెరవగా చూసినవాడు ఊళ్లో ఉండేవాడు కాదు.

తాత తుపాకి లైసెన్సు పుస్తకం మా నాయన పెట్టెలో చాలా కాలం ఉంది. చిత్తూరు జిల్లా ముద్రలు మొదట. మధ్యలో 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది, మేము అందులోకి పోయాం. రెండు రాష్ట్రాల హద్దుల మీద పటాస్కర్ తీర్పు తర్వాత, 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి వచ్చింది, అక్కణ్ణుంచి చెంగల్పట్టు జిల్లా ముద్రలు. నేను తొమ్మిదో ఏట తెలుగు పలక పక్కన పెట్టి అరవం అక్షరాలు దిద్దుకున్నాను. ఇంట్లో మాత్రం ఈ రోజుకీ తెలుగే. 1972లో వన్యప్రాణుల చట్టం వచ్చాక అనుమతి లేకుండా పందిని కొట్టడం నేరమైంది. నాయన తుపాకి తీసుకెళ్లి స్టేషన్లో అప్పగించి వచ్చాడు. పంగల కర్ర చాన్నాళ్లు దొడ్డిలో కాకర తీగకు ఆసరాగా నిలబడింది.

నేను కొలువులో చేరింది 1971లో, శిక్షణ ఆవడిలో. ఆవడి రెండో ప్రపంచ యుద్ధం నాటి నుంచి సైన్యం వాసన ఉన్న ఊరు. డిపోలు, పటాలాలు, 1960ల నుంచి ట్యాంకుల కర్మాగారం. ఎర్రజెండా ఎగరేసిన రేంజిలో తెల్లవారక ముందే ఎర్రమట్టి గుట్టకు ఎదురుగా వరసలో నిలబడేవాళ్లం. మొదట .303 రైఫిలు. తర్వాత, ఎంపిక చేసిన కొందరికి .38 రివాల్వరు. ఇరవై అయిదు గజాలు, ఆరు తూటాలు. దాన్ని ఒక్క చేత్తో పేల్చాలి. ఎడమ చెయ్యి వీపు వెనక ఉండాలి. చెయ్యి చాపి, ఒళ్లు పక్కకు తిప్పి, తల నిటారుగా పెట్టి నిలబడాలి. రెండో చెయ్యి సాయం పెడితే మా హవల్దారు లాఠీతో వేళ్ల మీద కొట్టేవాడు. ఒకసారి నేనూ తిన్నాను. ఇది ఆడవాళ్లు కుండ ఎత్తినట్టు రెండు చేతులతో ఎత్తేది కాదని అరిచాడు. నాకు ఎదురుగా మా తాత కర్ర కనబడింది.

ఆ ఒంటి చెయ్యి నియమం ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుసుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. గుర్రం మీద ఉన్నవాడికి ఒక చేతిలో కళ్లెం. పిస్టల్ పట్టడానికి మిగిలేది ఒక్కటే. యూరపులో పరువు కోసం ఎదురెదురుగా నిలబడి కాల్చుకున్నవాళ్లు ఒళ్లు తక్కువ కనబడాలని పక్కకు తిరిగేవారు. గుర్రాలు పోయాయి, ఆ కొట్లాటలూ పోయాయి, నిలబడే తీరు మాత్రం అలాగే మిగిలింది. ఒలింపిక్ పోటీల్లో ఇప్పటికీ పిస్టల్ ఒక్క చేత్తోనే పేల్చాలి. నేల మీద రెండు కాళ్లతో నిలబడ్డ మా చేత ఆవడిలో ఎప్పటిదో గుర్రపు సవారీ చేయించారు.

సామాన్యుడి ఒంటికి తగ్గట్టు తుపాకి తగ్గిన సందర్భాలూ చరిత్రలో ఉన్నాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిషు అధికారుల చేతిలో ఉన్నది .455 వెబ్లీ. కిలో దాటిన బరువు, భుజం దాకా తన్నే తన్ను. కొద్ది రోజుల శిక్షణతో మామూలు మనిషి చేత దాన్ని గురిగా పేల్పించడం కష్టమని యుద్ధం అయ్యాక తేల్చుకున్నారు. 1930ల మొదట్లో .38కి మారారు. తూటా చిన్నదైంది, తన్ను తగ్గింది. మా చేతికి వచ్చినవి ఆ కుదురులోవే. హవల్దారు దాన్ని మగవాళ్ల ఆయుధం అని పొగిడేవాడు. మణికట్టు తట్టుకోలేకపోతోందని సైన్యమే ఒప్పుకుని చేయించిన ఆయుధం అది. ఇందులో సిగ్గుపడాల్సింది నాకేమీ కనబడదు. చెయ్యి ఎంత మోయగలదో కొలిచి పనిముట్టు చేయడం బుద్ధిమంతుల పని.

ఆ బుద్ధి ఇప్పటిది కాదు. పూండి జలాశయం దగ్గర ఒక చిన్న మ్యూజియం ఉంది. అత్తిరంపాక్కంలో దొరికిన రాతి గొడ్డళ్లు అక్కడ పెట్టారు. 1863లో రాబర్ట్ బ్రూస్ ఫూట్ ఆ చోటు కనిపెట్టాడు. వాటిలో పాతవి పదిహేను లక్షల ఏళ్ల నాటివని ఇటీవలి పరిశోధన చెప్పింది. కొలువులో ఉండగా ఒకసారి ఆగి చూశాను. అద్దం వెనక ఉన్నా సరే, మడమ వైపు గుండ్రంగా చెక్కిన ఆ రాయి అరచేతిలో ఎక్కడ కూర్చుంటుందో చూడగానే తెలుస్తుంది. పిడి సంగతి మనవాళ్లు అప్పుడే ఆలోచించారు.

మళ్లీ రెండో చెయ్యి దగ్గరికి వస్తాను. షాంఘై పోలీసులకు శిక్షణ ఇచ్చిన ఫెయిర్‌బెయిర్న్, సైక్స్ 1942లో ఒక పుస్తకం వేశారు. దగ్గర దూరంలో ఒంటి చేత్తో, దూరం పెరిగితే రెండో చెయ్యి సాయంతో పేల్చమని వాళ్లు నేర్పారు. 1950ల చివర కాలిఫోర్నియాలో జాక్ వీవర్ అనే డెప్యూటీ షెరీఫ్ రెండు చేతులతో పట్టి, సైట్లను కంటి ఎత్తుకు తెచ్చి పేల్చి పోటీలు గెలవడం మొదలుపెట్టాడు. అతణ్ణి చూసి జెఫ్ కూపర్ అనే శిక్షకుడు ఆ పద్ధతిని అమెరికా అంతా ప్రచారం చేశాడు. పాతికేళ్లలో ప్రపంచంలో చాలా పోలీసు దళాలు రెండు చేతులకు మారిపోయాయి. మా దాకా రావడానికి ఇంకాస్త పట్టింది. ఏ పని చేస్తే నా వేళ్లు వాచాయో ఆ పనినే నేను 1990లలో కుర్రవాళ్లకు పాఠంగా చెప్పాను. కుడిచేత్తో ముందుకు నెట్టండి, ఎడమచేత్తో వెనక్కి లాగండి, మధ్యలో తుపాకి కదలకుండా నిలుస్తుంది అని. మొదటిరోజే వాళ్ల గుళ్లన్నీ అరచేయంత చోటులోకి వచ్చాయి.

ఆ పాఠం చెప్పే రోజుల్లోనే నా కన్ను చెడింది.

తెలుగులో దానికి పేరు చత్వారం. నలభై ఏళ్లకు వచ్చేది కాబట్టి ఆ పేరు. నాకు నలభై నాలుగో ఏట, 1995లో వచ్చింది. పేపరు చదవడం కష్టమవక ముందే నాకు రేంజిలో తెలిసింది. పిస్టల్‌కి రెండు సైట్లు. కంటి వైపున్న బ్యాక్‌సైట్లో ఒక గాడి, గొట్టం చివర ఫోర్‌సైటు, దాని అవతల టార్గెట్టు. మూడూ మూడు దూరాల్లో ఉంటాయి. కన్ను ఒకసారికి ఒకదాన్నే స్పష్టంగా చూడగలదు. వయసులో ఉన్న కంట్లో కటకం మెత్తగా ఉండి క్షణంలో అటూ ఇటూ మారుతుంది కాబట్టి మూడూ కనబడినట్టే ఉంటాయి. నలభై దాటాక అది గట్టిపడుతుంది. ఫోర్‌సైటు దూది పెట్టినట్టు అయిపోతుంది. గుండ్రటి నల్ల టార్గెట్టు మాత్రం స్పష్టంగా కనబడుతూ ఉంటుంది. అదే ప్రమాదం. కన్ను కనబడేదాని వైపే పోతుంది. టార్గెట్టును చూస్తూ పేలిస్తే గుండు ఎక్కడికైనా పోతుంది. ఫోర్‌సైటు స్పష్టంగా ఉండి టార్గెట్టు మసకగా ఉన్నా ఫరవాలేదు. కొత్తగా వచ్చే కుర్రవాళ్లు ఈ మాట నమ్మరు. పెద్దవాళ్లు విని కూడా మర్చిపోతారు.

చదివే అద్దాలు పెట్టుకుని పేల్చి చూశాను. ఫోర్‌సైటు అప్పటికీ మసకే. రెండు భాగాల అద్దాలతో ప్రయత్నించాను. కింది ముక్కలోంచి చూడాలంటే గడ్డం ఎత్తాలి. గడ్డం ఎత్తితే మెడ బిగుస్తుంది, మెడ బిగిస్తే భుజం లేస్తుంది. చివరికి ఒక దారం తీసుకున్నాను. కంటి కొన దగ్గర ఒక కొస పట్టుకుని, చెయ్యి చాపి, ఫోర్‌సైటు దగ్గర ముడి వేశాను. ముడి డెబ్బై సెంటీమీటర్ల దగ్గర పడింది. ఆ దారం జేబులో పెట్టుకుని తిరువళ్లూరులో తేరడి దగ్గర ఒక కళ్లద్దాల అంగడికి వెళ్లాను. తుపాకి అంగడికి తీసుకుపోయేది కాదు కదా. దారం చాచి, ముడి దగ్గర పెన్ను ములికి పట్టి, ఇది స్పష్టంగా కనబడే అద్దం కావాలన్నాను. ఆయన ముందు నవ్వాడు, తర్వాత శ్రద్ధగా అద్దాలు మార్చి మార్చి చూపించాడు. పుస్తకం పట్టే దూరం నలభై సెంటీమీటర్లు. దానికి +2.50 కావాల్సినవాడికి డెబ్బై సెంటీమీటర్లకు +1.50 దరిదాపుల్లో సరిపోతుంది. దూరాన్ని మీటర్లలో తీసుకుని ఒకటిని దానితో భాగిస్తే వచ్చే లెక్క ఇది. ఆ అంగడాయన కాగితం మీద వేసి చూపించాడు. ఆ తర్వాత నా దగ్గరికి వచ్చిన పెద్ద వయసు వాళ్లందరి చేతా ముందు దారం ముడి వేయించాను.

అద్దం కుడి కంటికి ఒక్కదానికే. ఎడమ అద్దం మీద పాలవన్నె టేపు ముక్క అంటిస్తే ఆ కన్ను మూయాల్సిన పని ఉండదు. కన్ను గట్టిగా మూస్తే ముఖం సగం బిగుసుకుని, తెరిచిన కన్ను కూడా అలసిపోతుంది. ఇంకో చిట్కా ఉంది. కరెంటు వైర్లకు చుట్టే నల్ల టేపు ముక్కలో సన్నటి సూది బెజ్జం పెట్టి, చూసే చోట అద్దానికి అంటిస్తే ఫోర్‌సైటూ టార్గెట్టూ రెండూ ఒకింత తేటపడతాయి. బెజ్జం చిన్నదైన కొద్దీ తేట పెరుగుతుంది గాని వెలుతురు తగ్గుతుంది. పాత కంటికి అసలే వెలుతురు ఎక్కువ కావాలి. అందుకే ఇది మిట్ట మధ్యాహ్నం పనికొస్తుంది, సాయంత్రం పనికిరాదు.

పాత కంటికి తళుకు కూడా పడదు. సైటు అంచు మీద ఎండ మెరిస్తే గాడి సగం మాయమవుతుంది. దానికి మందు తిరుత్తణి కొండ కింద పూజ సామాన్ల అంగళ్లలోనే దొరుకుతుంది. కర్పూరం బిళ్ల ఒకటి వెలిగించి, తూటాలు లేకుండా ఖాళీ చేసిన పిస్టల్ ఫోర్‌సైటును పొగ కొసకు పైన రెండు క్షణాలు పట్టాలి. మంటకు తగలనివ్వకూడదు. వెంట్రుకల్లాంటి మసి లేచి సైటు మీద కూర్చుంటుంది. ఆ నలుపులో ఏ మెరుపూ ఉండదు. అంచు కత్తితో కోసినట్టు కనబడుతుంది. వేలు తగిలిందా, రాలిపోతుంది. పోటీల షూటర్లు ఇందుకోసం కార్బైడు దీపాలు కూడా వాడేవారు. నాకు కర్పూరమే సుఖం. రేంజిలో ఆ వాసన వస్తే కుర్రవాళ్లు కొండ మీద హారతి గుర్తొస్తుందనేవారు.

1975లో స్వీడన్‌లో ఎయిమ్‌పాయింట్ వాళ్లు ఎర్రచుక్క సైటు తెచ్చారు. చత్వారం ఉన్నవాడికి అంతకంటే పెద్ద ఉపకారం ఎవరూ చేయలేదు. అద్దంలో కనబడే చుక్క టార్గెట్టు దూరంలో ఉన్నట్టే తోస్తుంది. కన్ను ఒక్క దూరమే చూస్తే చాలు. ఆస్టిగ్మాటిజం ఉన్నవాళ్లకు చుక్క నక్షత్రంలా చెదురుతుంది, అంతే ఇబ్బంది. ఒలింపిక్ పద్ధతి పిస్టల్ పోటీల్లో దాన్ని ఒప్పుకోరు.

తర్వాత నాకు శుక్లం వచ్చింది. మధురైలో 1992లో మొదలైన ఆరోల్యాబ్ కంటి కటకాలు చవకగా చేయడం వల్ల నాలాంటివాళ్లకు ఆపరేషన్ అందుబాటులోకి వచ్చింది. దూరపు చూపుకు పెట్టమంటారా, దగ్గరికా అని డాక్టరమ్మ అడిగితే జేబులోంచి మళ్లీ ఆ దారమే తీశాను. ఆవిడ ఓపికగా విని, రోడ్డు దాటేటప్పుడు ఫోర్‌సైటు ఉండదు కదండీ అని, దూరానికే పెట్టి, దారానికి వేరే అద్దం రాసిచ్చింది. ఆవిడ చెప్పిందే సరి.

చెవి సంగతి క్లుప్తంగా చెబుతాను. మా కాలంలో దూది పెట్టుకునేవాళ్లం, చాలాసార్లు అదీ లేదు. రైఫిలు కుడి భుజం మీద పేల్చేవాడికి ఎడమ చెవి గొట్టం వైపు ఉంటుంది. నా ఎడమ చెవి అలాగే పోయింది. ముసలివాళ్లు ఉన్న వరసలో నోటి ఆజ్ఞ ఒక్కటీ చాలదు. చేతి సైగ, జెండా రెండూ ఉండాలి.

చెయ్యి విషయానికి వస్తే, ఆటోమేటిక్ పిస్టల్ స్లయిడు వెనక్కి లాగడం అరవై దాటినవాళ్లకు మొదటి అడ్డంకి. బొటనవేలు మొదట్లో కీలు అరిగి ఉంటుంది. వేళ్ల కొసలతో గిల్లినట్టు పట్టి లాగబోతారు, రాదు. అప్పుడు ఒంటికి అడ్డంగా తిప్పుతారు, గొట్టం పక్కవాడి మీదికి పోతుంది. నా గుండె అక్కడే ఆగేది. గొట్టం ముందుకే ఉంచి ఒంటిని పక్కకు తిప్పాలి. ఎడమ అరచెయ్యి మొత్తం స్లయిడు పైన బోర్లించి గట్టిగా పట్టి, కుడిచేత్తో పిడిని ముందుకు నెట్టాలి. లాగడానికి వేళ్లు కావాలి, నెట్టడానికి భుజం సాయపడుతుంది. పిడి సన్నగా ఉంటే సైకిల్ ట్యూబు ముక్క తొడగడం, కొయ్య పిడికి ఎం-సీల్ ముద్ద పెట్టి తడి చేత్తో నొక్కి తన చేతి అచ్చు తీయడం మేము చేసేవాళ్లం. అచ్చు ఆరాక చూస్తే అత్తిరంపాక్కం రాయి గుర్తొచ్చేది.

వణుకు సంగతి నేర్పడం అన్నిటికంటే కష్టం. ఏ వయసులోనూ చెయ్యి పూర్తిగా నిలవదు. వయసులో ఉన్నవాడి ఫోర్‌సైటు బఠాణీ గింజంత చోటులో తిరిగితే, నాది రూపాయి బిళ్లంత చోటులో తిరుగుతుంది. అది మధ్యకు వచ్చిన క్షణం చూసి మీట లటుక్కున నొక్కాలని ప్రతివాడికీ అనిపిస్తుంది. అలా నొక్కిన గుండే అన్నిటికంటే దూరం పోతుంది. తిరగనిచ్చి, ఆ తిరుగుడులోనే మీటను మెల్లగా నొక్కుతూ పోతే గుండు ఆ రూపాయి బిళ్ల లోపలే పడుతుంది. కుర్రవాడు పది సెకన్లు నిలపగలడు. నేను ఆరుకు మించి నిలపను. ఆరు దాటితే పేల్చకుండా దించేస్తాను. దించడం నేర్చుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

ఉత్తరప్రదేశ్‌లో బాగ్‌పత్ జిల్లా జోహ్రీ గ్రామంలో చంద్రో తోమర్ అనే ఆవిడ అరవై అయిదు దాటాక ఎయిర్ పిస్టల్ పట్టింది. మనవరాలిని రేంజికి తీసుకెళ్లి, తనే మొదలుపెట్టింది. ఇంట్లో అందరూ నిద్రపోయాక నీళ్ల కూజా పట్టుకుని, చెయ్యి చాపి సాధన చేసేదట. 2021లో కోవిడ్ కాలంలో పోయింది. ఆ వార్త చదివిన రోజు నేను అన్నం తినలేదు. నేనూ ఇంట్లో చేసేది అదే. మా అమ్మ ఇత్తడి చెంబు నిండా నీళ్లు పోసి, గోడ మీది క్యాలెండరు వైపు చాపి, లోపలి నీళ్ల అంచు కదలకుండా చూసుకుంటాను. చెంబులో నీళ్లు అబద్ధం చెప్పవు.

ఈ విద్యకు వయసు అడ్డమని ఎవరైనా అంటే నేను పేర్లు చెబుతాను. స్వీడన్ రైఫిల్ షూటర్ ఆస్కార్ స్వాన్ 1920 ఒలింపిక్స్‌లో డెబ్బై రెండేళ్ల వయసులో రజతం తెచ్చాడు. లాత్వియాకు చెందిన అఫనాసియ్స్ కుజ్మిన్స్ 1988లో ర్యాపిడ్ ఫైర్ పిస్టల్‌లో బంగారం గెలిచి, 2012 లండన్‌లో అరవై అయిదో ఏట కూడా బరిలో నిలబడ్డాడు. జార్జియా నినో సలుక్వాద్జె పదో ఒలింపిక్స్ 2024లో ఆడింది, 2016లో కొడుకుతో కలిసి ఆడింది. అదే 2024లో తుర్కియేకు చెందిన యూసుఫ్ డికెచ్ యాభై ఒకటో ఏట మామూలు కళ్లద్దాలతో, ఎడమ చెయ్యి జేబులో పెట్టుకుని రజతం గెలిస్తే మా వీధి పిల్లలు ఫోను పట్టుకుని నా దగ్గరికి పరిగెత్తుకొచ్చారు. జేబులో చెయ్యి ఎందుకు తాతా అని. అది వయ్యారం కాదురా, ఊగే చెయ్యి భుజాన్ని కదుపుతుంది, అందుకే కట్టేసుకున్నాడని చెప్పాను.

నేను పోటీలకు పోలేను. రక్తపోటుకు నేను మింగే మాత్ర బీటా బ్లాకర్ జాతిది. గుండె దడ, చెయ్యి వణుకు తగ్గిస్తాయి కాబట్టి షూటింగ్ పోటీల్లో ఆ మందులు నిషిద్ధం. 2008 బీజింగ్‌లో ఉత్తర కొరియా కిమ్ జాంగ్ సు రెండు పతకాలు ప్రొప్రనొలాల్ వల్లనే పోగొట్టుకున్నాడు. నియమం న్యాయమైనదే. ఇరవై ఏళ్లవాడికి అది దొంగసాయం. డెబ్బై ఏళ్లవాడికి మాత్రం అది ప్రాణం నిలిపే మాత్ర. ఈ రెంటికీ తేడా చూసే పోటీ ఒకటి మన దగ్గర ఉండాలని నా కోరిక.

జర్మనీలో సగం దారి వేశారు. అక్కడి షూటింగ్ సమాఖ్య యాభై దాటినవాళ్లకు ఆఉఫ్‌లాగె అని ఒక విభాగం పెట్టింది. ఆ మాటకు ఆనించి పేల్చడం అని అర్థం. ఎదురుగా స్టాండు ఉంటుంది. ఎయిర్ రైఫిలుకూ ఉంది, ఎయిర్ పిస్టల్‌కూ ఉంది. వయసును బట్టి తరగతులు, జాతీయ పోటీలు, పతకాలు. దాని బొమ్మ మొదటిసారి చూసినప్పుడు నా కళ్లు చెమర్చాయి. స్టాండు పైన పిస్టల్ ఆనిన తీరు అచ్చం మా తాత పంగల కర్రే. మన దేశంలోనూ పెద్ద వయసువాళ్లకు వేరే తరగతులు పెట్టారు, సంతోషం. కాని చెయ్యి అదే ఒంటి చెయ్యి. అరవై దాటినవాడికి ఆసరా గాని, రెండో చెయ్యి గాని ఇవ్వాలి. ఇస్తే ఆవడి, తిరువళ్లూరు, అరక్కోణం చుట్టూ ఇళ్లలో కూర్చుని ఉన్న రిటైరైన జవాన్లు, పోలీసులు ఎంతమంది బయటికొస్తారో నాకు తెలుసు. వాళ్ల చేతుల్లో ఉన్న విద్య వాళ్లతోనే పోతోంది.

రిటైరయ్యాక లైసెన్సు మీద ఒక .32 రివాల్వరు కొనుక్కున్నాను. ప్రతి ఎన్నికలకూ స్టేషన్లో అప్పగించి రసీదు తీసుకోవడం, అయ్యాక తెచ్చుకోవడం. అరవై ఎనిమిదో ఏట ఒకరోజు ఖాళీ రివాల్వరుతో సాధన చేస్తూ గమనించాను. గుర్రం ఎత్తకుండా నేరుగా మీట నొక్కాలంటే అయిదారు కిలోల బలం కావాలి. నొక్కేసరికి గొట్టం ముక్కు కిందికి వాలిపోతోంది. వారం రోజులు చూశాను, మారలేదు. గుండు ఎక్కడ పడుతుందో చెప్పలేనివాడి ఇంట్లో గుండు పేలే ఆయుధం ఉండకూడదు. లైసెన్సు రద్దు చేయించుకుని, రివాల్వరును డీలరుకు అప్పగించేశాను. నా దగ్గర శిక్షణ పొందినవాళ్లకు ఏటా ఫోను చేసి అడుగుతాను, ముక్కు వాలుతోందా అని.

ఇప్పుడు నాది ఎయిర్ పిస్టల్. మీటకు అర కిలో చాలు, తన్ను లేనట్టే, చప్పుడు తక్కువ. బంధువుల పాత బియ్యం గోడౌన్లో పది మీటర్లు కొలిచి, టార్గెట్టు వెనక ఇనప పెట్టె పెట్టాం. ఆదివారం పొద్దున నేనూ, కొలువులో నాకంటే ముందువాడైన ఒక అన్నా కలుస్తాం. ఆయనకు ఎనభై రెండు. తిరుత్తణి కొండ 365 మెట్లూ ఒకప్పుడు పందెం కట్టి పరిగెత్తి ఎక్కినవాళ్లం. ఇప్పుడు పైదాకా బస్సులోనే. ఆయన స్టూలు మీద కూర్చుని పేలుస్తాడు. నేను నిలబడే పేలుస్తాను. కాళ్లు భుజాలంత ఎడంగా, మోకాళ్లు బిగించకుండా, రెండు చేతులతో. అలసిపోతే పంగ ఉంది. వేప కొమ్మే వెతికి తెచ్చి, రొమ్ము ఎత్తుకు కోసి, పంగలో సైకిల్ ట్యూబు చుట్టాను.

4.5 మిల్లీమీటర్ల గుండు నా వేళ్లకు దొరకదు. మనవరాలు పెడుతుంది. పిస్టల్ గొట్టం ఎప్పుడూ పెట్టె వైపే ఉండాలన్నది దానికి అక్షరాల కంటే ముందు నేర్పాను. పోయిన ఆదివారం పది గుళ్లలో ఏడు నలుపులో పడ్డాయి. మిగతా మూడూ ఎక్కడని అడిగితే కాగితం ఊడదీసి తెచ్చి, తెలుపులో మూడు బెజ్జాల మీదా వేలు పెట్టి చూపించింది. మూడూ ఎడమ పక్కకే, ఒకే ఎత్తులో. గాలి లేదు, సైటు కదల్లేదు. చూపుడు వేలి కీలు వంగక మీటను నేరుగా వెనక్కి కాకుండా పక్కకు నెడుతున్నానన్నమాట. వేలి కొస బదులు మొదటి గీత దగ్గర మీట ఆనేలా పిడి మీద ముద్ద కొంచెం అరగదీయాలి. ఆకురాయి వెతికి పెట్టమన్నాను.